మీకు తెలుసా? బొమ్మ జింకతో విల్లు వేట

అమెరికాలో తెల్లతోక జింకలను విల్లుతో వేటాడేవారు అసలు జింకను పోలిన బొమ్మను ఎరగా నిలబెడతారు.

• ఈ ఎత్తు జతకట్టే కాలంలో బాగా పారుతుంది. ఉత్తర రాష్ట్రాల్లో ఆ కాలం నవంబరులో ముమ్మరంగా ఉంటుంది.

• మగజింక మరో మగదాన్ని ఎదురుగా వచ్చి సవాలు చేస్తుంది. అందుకే మగబొమ్మ ముఖాన్ని వేటగాడి వైపు తిప్పుతారు. ఆడబొమ్మ దగ్గరికి మగజింక వెనుక నుంచి వస్తుంది కనుక దాని ముఖాన్ని వేటగాడికి అవతలి వైపు తిప్పి నిలుపుతారు.

• మగబొమ్మకు చిన్న కొమ్ములే పెడతారు. పెద్ద కొమ్ములు చూస్తే చాలా జింకలు జంకి దూరంగా ఉండిపోతాయి.

• బాణం గురి తప్పకుండా బొమ్మను 15-20 మీటర్ల లోపే, దూరం నుంచి కనబడే బయలులో ఉంచుతారు. గాలి బొమ్మ వైపు నుంచి వేటగాడి వైపు వీచాలి.

• మనిషి వాసన సోకితే జింక దగ్గరికి రాదు. అందుకే బొమ్మను చేతి తొడుగులతోనే పట్టుకుంటారు.

• బొమ్మను మోసుకెళ్లేటప్పుడు నారింజరంగు గుడ్డ కప్పాలి. లేకపోతే నిజం జింక అనుకుని ఎవరైనా కాల్చే ప్రమాదం ఉంది.

• దొంగ వేటగాళ్లను పట్టుకోవడానికి అక్కడి వన్యప్రాణి అధికారులూ కదిలే బొమ్మ జింకలను వాడతారు.

గుర్తుంచుకోండి: మన దేశంలో జింకల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కూ, మచ్చల జింక తెలంగాణకూ రాష్ట్ర జంతువులు. వాటిని కాపాడుకోవడం మన బాధ్యత.