గొర్రెలు గీసిన మైదానం

నడిగడ్డలో ఎండాకాలం పొద్దున చెల్కల మీదుగా నడిచి చూడండి. మంద మేసిపోయిన చోట గడ్డి నేలకు అంటుకుపోయి చాప పరిచినట్టుంటుంది. పది అడుగుల అవతల, గొర్రె మూతి పెట్టని చోట, మోకాలెత్తు బోద గడ్డి, పల్లేరు. గట్టు చాటున గాలి తగలని మూలలో గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకొని పండుకున్న చోట మట్టి రేగి గుంత పడి ఉంటుంది. గోల్ఫ్ ఆడేవాళ్లను అడిగితే ఈ మూడింటికీ పేర్లు చెబుతారు. కురచ గడ్డి ఫెయిర్‌వే, పొడుగు గడ్డి రఫ్, గొర్రెలు పండుకున్న గుంత బంకర్.

కోట్ల రూపాయల విల్లాల మధ్య, స్ప్రింక్లర్ల జల్లు కింద మెరిసే పచ్చికనే మనం గోల్ఫ్ అనుకుంటున్నాం. ఆ ఆట పుట్టిన నేల మాత్రం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బీళ్లకే దగ్గరి చుట్టం. స్కాట్లాండ్ తూర్పు తీరంలో సముద్రానికీ సాగుభూమికీ నడుమ ఇసుక దిబ్బల పట్టీ ఒకటి సాగుతుంది. దాన్ని లింక్స్ అంటారు. దున్నితే పంట రాదు, వదిలేస్తే గడ్డి మొలుస్తుంది. ఊరివాళ్లు గొర్రెలు మేపుకునేవారు, బట్టలు ఆరేసుకునేవారు, సాయంత్రం కర్రతో బంతి కొట్టుకునేవారు. గొర్రెలు గడ్డి కొరికాయి, కుందేళ్లు కలుగులు తవ్వాయి, గాలి ఇసుకను కుప్పలు పోసింది. తొలి మైదానాలకు గీత గీసిన ఇంజనీర్లు వీళ్లే. చిర్రగోనె ఆడటానికి ఎండిన చెరువులో చదునైన జాగా వెతుక్కున్న ఏ పాలమూరు పిల్లాడికైనా ఇందులో వింత కనిపించదు. మనం కూడా నేలను తయారు చేసుకోలేదు, ఉన్న నేలలో ఆటను వెతుక్కున్నాం.

అలా దొరికిన మైదానాల్లో అన్నిటికన్నా ముందు చెప్పవలసింది మసెల్‌బరా ఓల్డ్ లింక్స్ గురించి. ఎడింబరాకు తూర్పున పది కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉంది. బంతిని పడేయవలసిన గుంతలు తొమ్మిదే, మొత్తం నిడివి 3 వేల గజాల లోపే. 1567లో స్కాట్లాండ్ రాణి మేరీ అక్కడ ఆడిందని ఊరివాళ్ల నమ్మకం. కాగితం మీద దొరికే ఆధారం 1672 మార్చి 2 నాటిది. సర్ జాన్ ఫౌలిస్ అనే పెద్దమనిషి మసెల్‌బరాలో గోల్ఫ్ ఆడి ఓడిన డబ్బును తన ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. మూడున్నర శతాబ్దాలు గడిచినా మనుషులు ఇంకా అదే నేల మీద అదే ఆట ఆడుతున్నారు.

మైదానం చుట్టూ 1816 నుంచి గుర్రప్పందేల బాట ఉంది. ఆడేవాడి బంతి ఆ కమ్మీలను దాటుకుంటూ పోవాలి. పందేలున్న రోజు గోల్ఫ్ బంద్. ఒకే జాగా గుర్రాలకూ, బంతికీ, నడకకొచ్చినవాళ్లకూ పనికొస్తుంది. ఊరుమ్మడి భూమి అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మన చెరువు శిఖమూ అంతే. నీళ్లున్నప్పుడు చేపలవాళ్లది, ఎండినప్పుడు పశువులది, సెలవుల్లో పిల్లలది.

ఊరుమ్మడి అన్న మాట ఆటలోనూ నిజమైంది. మసెల్‌బరా చేపల రేవు. అక్కడి చేపలమ్మే ఆడవాళ్లు గోల్ఫ్ ఆడేవారు. వాళ్లలో బాగా ఆడినామెకు కొత్త చేపల బుట్ట, పట్టు చేతిరుమాళ్లు బహుమతిగా ఇవ్వాలని 1810 డిసెంబరులో అక్కడి క్లబ్బు తీర్మానం రాసుకుంది. ఆడవాళ్ల గోల్ఫ్ పోటీకి దొరికే తొలి రాతల్లో ఇదొకటి. నెత్తిన గంప పెట్టుకొని వీధులు తిరిగిన మనిషి పండగపూట కర్ర పట్టుకొని బంతి కొట్టిందంటే, ఈ ఆటను తర్వాత డబ్బున్నవాళ్లు ఎంతగా తమ సొంతం చేసుకున్నారో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

గోల్ఫ్ గుంత కొలత కూడా ఈ ఊరిదే. గుంతను ఒకే తీరుగా తవ్వే పరికరం 1829లో ఇక్కడ వాడుకలోకి వచ్చింది. దాని వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. తర్వాత ప్రపంచమంతటా అదే కొలత అయింది. మన పిల్లలు గోటీలాటకు మడమతో తిప్పి గుంత చేస్తారు, మడమ ఎంతో గుంత అంత. వీళ్లు ఒక ఇనుప గొట్టంతో చేశారు, ప్రపంచానికి అదే మడమ అయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తొమ్మిదే ఎందుకు? గోల్ఫ్ అంటే పద్దెనిమిది గుంతలు కదా, తొమ్మిదంటే సగం ఆట కదా అని చాలామంది అనుకుంటారు. పద్దెనిమిదికి ఏ శాస్త్రమూ లేదు. 1744లో తొలి నియమాలు రాసుకున్న లీత్ మైదానంలో ఉన్నవి ఐదు గుంతలు. సెయింట్ ఆండ్రూస్‌లో ఒక ఆటకు 22 ఉండేవి. 1764లో మొదట్లో ఉన్న పొట్టి గుంతలను కలిపేస్తే 18 మిగిలాయి. ఆ ఊరి మాటకు బలం పెరిగి అదే లెక్క అందరిదీ అయింది. మసెల్‌బరాలో మొదట ఏడు ఉండేవి, 1870కి తొమ్మిదయ్యాయి. నేల ఎన్నింటికి చోటిస్తే అన్ని.

ఆ తొమ్మిది గుంతల నేల మీద గోల్ఫ్‌లోని పెద్ద పోటీ, ఓపెన్ ఛాంపియన్‌షిప్, ఆరుసార్లు జరిగింది. 1874, 1877, 1880, 1883, 1886, 1889. పోటీ 36 గుంతలు కాబట్టి ఒకే మైదానాన్ని నాలుగుసార్లు చుట్టాలి. తొమ్మిది గుంతల మైదానం అసలు స్వభావం ఇక్కడే తెలుస్తుంది. పద్దెనిమిదిలో ఒక గుంత పేలవంగా ఉంటే దాటేసి మరిచిపోవచ్చు. తొమ్మిదిలో అది రెండోసారి ఎదురొస్తుంది. అందుకే గీసేవాడికి ఒక్క గుంతను కూడా వట్టిగా వదిలే వీలుండదు. చిన్నది, పొడుగుది, గాలికి ఎదురుది, గాలి వాలుది, ఎడమకు వంగేది, కుడికి జారేది అన్నీ ఆ కాస్త నేలలోనే ఇమడాలి. ఆడేవాడికీ అంతే. మొదటి చుట్టులో ఎక్కడ తప్పాడో కాళ్లకు గుర్తుంటుంది. రెండో చుట్టులో అదే చోట నిలబడ్డప్పుడు నేలతోపాటు తన పాత తప్పుతోనూ ఆడాలి.

1889 ఓపెన్ ఇందుకు సాక్ష్యం. నాలుగు చుట్లు పూర్తయ్యేసరికి విల్లీ పార్క్ జూనియర్, ఆండ్రూ కిర్కాల్డీ చెరి 155 దెబ్బలతో సమానంగా నిలిచారు. నవంబరు నెల, అక్కడ పొద్దు త్వరగా గూకుతుంది. ఆఖరి జట్లు చీకట్లోనే ఆట ముగించాయి. కిర్కాల్డీ పద్నాలుగో గుంత దగ్గర, అంటే రెండో చుట్టు ఐదోదాని దగ్గర, అంగుళం దూరంలో ఉన్న బంతిని ఒంటిచేత్తో అలవోకగా తోయబోయి తప్పాడని గోల్ఫ్ లోకం నేటికీ చెప్పుకుంటుంది. ఆ ఒక్క దెబ్బ లేకుంటే కప్పు అతనిదే. మరో 36 గుంతల తీర్పు ఆటలో పార్క్ 158, కిర్కాల్డీ 163. ఆ తర్వాత ఓపెన్ మసెల్‌బరాకు తిరిగి రాలేదు. అక్కడ ఆడే పెద్ద క్లబ్బు మ్యూర్‌ఫీల్డ్‌లో కొత్త మైదానం వేసుకొని పోతూ పోటీని కూడా వెంట తీసుకుపోయింది. 1892 నుంచి ఓపెన్ 72 గుంతలైంది.

మసెల్‌బరాలో నాలుగో గుంతకు మిసెస్ ఫోర్‌మన్ అని పేరు. పక్కనే ఆమె సారాయి దుకాణం ఉండేది. ఆడేవాళ్లకు కిటికీలోంచే గ్లాసులు అందేవి. 1870లో ఓల్డ్ టామ్ మోరిస్‌కూ విల్లీ పార్క్ సీనియర్‌కూ పందెం ఆట జరుగుతుంటే జనం బంతిని తన్నేంత అల్లరి చేశారు. మోరిస్ ఆట ఆపేసి, న్యాయనిర్ణేతతో సహా ఆ దుకాణంలోకి వెళ్లి కూర్చున్నాడు. పార్క్ ఒక్కడే మిగిలిన గుంతలు ఆడి గెలిచానన్నాడు. మన జాతరలో కుస్తీ పోటీల దగ్గర నిలబడ్డవారికి ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు.

మైదానం ఎలా ఆడిస్తుందో తెలియాలంటే ఒక్క గుంతను దగ్గరగా చూడాలి. దానికి ఇంగ్లండ్‌లోని మరో తొమ్మిది గుంతల మైదానానికి పోదాం. సఫోక్‌లోని రాయల్ వర్లింగ్టన్, 1893లో మొదలైంది. నీళ్లు నిలవని ఇసుక నేల. అక్కడి ఐదో గుంత నూటయాభై గజాల చిల్లర దూరం, ఒక్క దెబ్బలో చేరవలసినది. ఒక్క బంకర్ కూడా లేదు. అయినా చేయి తిరిగినవాళ్లు అక్కడ వణుకుతారు. కారణం గుంత ఉన్న గ్రీన్ ఆకారం. సన్నగా, పొడుగ్గా, గుర్రం వీపులా ఎత్తుగా ఉంటుంది. ఎడమకు జారితే పల్లం, కుడికి జారితే వాగువైపు వాలు. పక్కకు పోయిన బంతిని తిరిగి పైకి కొడితే అవతలి పక్కకు దొర్లిపోతుంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. రైతు గట్టు కట్టినట్టు నేలను కాస్త వంచారు, అంతే. భయమంతా ఆ వంపులోనే ఉంది.

ఈ వంపు విద్య మనకు కొత్తేం కాదు. కృష్ణలో పుట్టి నడిపేవాళ్లను చూశాను. ఎదుటి ఒడ్డున చేరవలసిన చోటుకు సూటిగా తెడ్డు వేయరు. ఒడ్డు వెంట ఎగువకు పోయి, అక్కడినుంచి ప్రవాహానికి వదులుతారు. సముద్రపు గాలిలో గోల్ఫ్ బంతిని కొట్టడం అచ్చం అదే. జెండాకు గురి పెట్టినవాడు తప్పుతాడు, గాలికి ఎంత అప్పజెప్పాలో తెలిసినవాడు చేరతాడు. మంచి మైదానం ప్రతి దెబ్బకూ రెండు దారులు చూపిస్తుంది. దగ్గరిది ప్రమాదం, దూరపుది క్షేమం. ఎంచుకోవడం ఆడేవాడి వంతు.

ఆ ఎంపికలో నిజాయితీ కూడా ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి అమెరికా పీజీఏ టూర్‌లో బోణీ కొట్టాడు. 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో బంకర్‌లో ఉండగా, కర్ర వెనక్కి లేపేటప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలాయని అతనికి అనిపించింది. ఎవరూ చూడలేదు. తానే అధికారులను పిలిచి చెప్పి రెండు దెబ్బల శిక్ష వేయించుకున్నాడు. ఆ పోటీలో మూడో స్థానంలో నిలిచాడు. ఇంతటి మనిషి మన ఇంటి పేరుతో ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది.

తెలుగు నేల మీద గోల్ఫ్‌కు మంచి జాగాలు లేకపోలేదు. గోల్కొండ నయాఖిలాలో కోటగోడల నీడన పద్దెనిమిది గుంతల మైదానం ఉంది. హత్తియాన్ కా ఝాడ్ అనే ఏనుగంత బావొబాబ్ చెట్టున్న ఆవరణ అది. గచ్చిబౌలి మైదానం దక్కను రాతిగుండ్ల నడుమ తిరుగుతుంది. రెండూ అందమైనవే. కానీ వాటికి నీళ్లు కావాలి, నగరం కావాలి, సభ్యత్వం కావాలి. పాలమూరు నేల మీద ఆ తరహా పచ్చదనం కోరడం నాకు తప్పనిపిస్తుంది. వలసపోయి దేశమంతా మట్టిపని చేసిన జిల్లా ఇది. ఇక్కడ బోరులో వచ్చే నీరు ముందు వరికి, వేరుశనగకు, మనిషికి.

అయితే పాత పద్ధతి ఒకటుంది. నీళ్లు కరువైన చోట్ల మన దేశంలోనూ, ఆస్ట్రేలియా ఎడారి అంచుల్లోనూ గ్రీన్‌కు బదులు ‘బ్రౌన్’ చేసుకున్నారు. ఇసుకలో కాస్త నూనె కలిపి, చదును చేసి, మధ్యలో గుంత. ఆడాక పలకతో లాగి అడుగుల గుర్తులు చెరిపేస్తారు. కళ్లం అలికినట్టే. ఫెయిర్‌వే వానాకాలం పచ్చగా, ఎండాకాలం గోధుమ రంగులో ఉంటుంది. ఎండిన నేల మీద బంతి గాల్లో కన్నా నేల మీదే ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఆట ఇంకా బాగుంటుంది. మసెల్‌బరా ఆటగాళ్లు ఆడినదీ ఆ దొర్లే ఆటే.

అందుకే ఈ దారుల్లో పోతున్నప్పుడు నా కన్ను ఊరుకోదు. నాగర్‌కర్నూలు దాటాక గుండ్ల మధ్య చెల్క కనిపిస్తే మనసులో గుంతలు గీసుకుంటాను. మొదటిది గుండు మీదినుంచి వాగు దాటించి రేలచెట్టు వైపు. మూడోది పొట్టిది, చెరువు కట్ట కింద, బంకర్ లేకుండా, కట్ట వాలే కాపలా. ఐదోది పడమటికి. మృగశిర కార్తె తర్వాత రెండు నెలలు ఎదురుగాలి, మూడు దెబ్బలకు గానీ చేరదు. సంక్రాంతి నాటికి అదే గుంత రెండు దెబ్బల్లో వస్తుంది. ఏడోది ఈతచెట్ల సందులోంచి. ఏ రైతు చేనూ, ఏ మంద మేతా పోకుండా, యాభై అరవై ఎకరాల బీడు చాలు. గడ్డి కోసే యంత్రం అక్కర్లేదు. కురుమవాళ్లు రాత్రికి మంద పెట్టి పోతే పొద్దుటికి ఎరువూ, కోతా రెండూ అయిపోతాయి.

మొన్న వనపర్తి నుంచి శ్రీరంగాపురం పోతూ అలాంటి చోటొకటి చూసి బండి ఆపాను. గొంగడి కప్పుకున్న పెద్దాయన మందను తోలుకొస్తున్నాడు. దారికడ్డంగా ఉన్న రాయిని చేతికర్ర కొసతో చిన్నగా తట్టాడు. అది దొర్లుతూ పోయి, గొర్రెలు పండుకునే గుంతలో పడింది.