దించిన కారు, నల్లమల ఘాట్‌లు

దోర్నాల దాటి శ్రీశైలం రోడ్డెక్కినా, గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల బయల్దేరినా కారుకు అసలు పరీక్ష నల్లమలలోనే. మలుపు మీద మలుపు, ఎక్కుడు, దిగుడు, ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు దిగక తప్పదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు కుర్రాళ్ళు ముచ్చటపడి కారుకు పొట్టి స్ప్రింగులు వేయిస్తే, ఊళ్ళో అందంగా కనబడిన ఆ బండి అవస్థలు ఈ రోడ్ల మీదే బయటపడతాయి. స్పీడ్ బ్రేకరుకు అడుగు తగులుతుంది. గుంతలో పడితే నడుం అదురుతుంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. ముందు టైర్ల లోపలి అంచు చూస్తుండగానే నున్నగా అరిగిపోతుంది. అడిగిన ప్రతివాళ్ళూ చెప్పేది ఒకటే మాట: అలైన్‌మెంట్ చేయించు.

చేయించాల్సిందే. కాకపోతే అన్ని పనుల కన్నా చివర.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఆలోచనతో పుట్టిన ఈ ఏర్పాటు 1950లో బ్రిటన్‌లో ప్రదర్శించిన ఫోర్డ్ కాన్సల్ కారుతో జనంలోకి వచ్చింది. స్ప్రింగూ షాకబ్జరూ ఒకే నిలువు స్తంభంలా ఉంటాయి. కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టుకుంటే, పక్క నుంచి టై రాడ్ దాన్ని తిప్పుతుంది. పొట్టి స్ప్రింగులతో బండి 25 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా దిగితే ఆర్మ్ వాలూ టై రాడ్ వాలూ మారిపోతాయి, అదీ ఒకే లెక్కన కాదు. దాంతో చక్రం తల లోపలికి వాలుతుంది. మెకానిక్‌లు క్యాంబర్ అనేది దీన్నే. రెండు చక్రాల ముందుభాగాలు ఒకదానికొకటి దగ్గరకో దూరంగానో జరుగుతాయి. అది టో.

టైరు లోపలి అంచు పోతే చాలామంది నింద క్యాంబర్ మీద వేస్తారు. ఎక్కువసార్లు అసలు దొంగ టో. చక్రం ఒక డిగ్రీలో నాలుగో వంతు పక్కకు తిరిగి ఉన్నా, కిలోమీటరుకు టైరు నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు లెక్క. 60 కిలోమీటర్ల ప్రయాణంలో అది పావు కిలోమీటరు. క్యాంబర్ వాలు ఆ అరుగుదలను లోపలి అంచు మీదకు నెడుతుంది, అంతే.

అయితే అలైన్‌మెంట్ మెషీన్ ఎక్కించే ముందు బండి కింద చూడాల్సినవి ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది వదిలేసేది లోయర్ ఆర్మ్ బుష్. స్ప్రింగు మార్చేటప్పుడు బండి లిఫ్ట్ మీద ఉంటుంది, చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి. ఆర్మ్ బోల్టు వదులు చేసి ఉంటే, ఆ స్థితిలోనే తిరిగి బిగించేస్తారు. బుష్ లోపలి ఇనుప గొట్టానికి రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు. బండి నేల మీదకు దిగగానే ఆర్మ్ పైకి తిరుగుతుంది, మధ్యలో రబ్బరు తడిబట్టను పిండినట్టు మెలిపడి ఉండిపోతుంది. బండి గట్టిగా కొట్టడానికి, కొన్నాళ్ళకు రబ్బరు చీలడానికి ఇది ఒక్కటి చాలు. దీనికి మందు కూడా చవకే. బోల్టు వదులు చేసి, చక్రాల మీద పూర్తి బరువు పడేలా బండిని ర్యాంపు మీద నిలిపి, రెండు మూడుసార్లు ఊపి, అప్పుడు కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. కొత్త సామాను ఒక్కటీ కొనకుండానే కొన్ని బండ్ల తీరు దీంతో మారిపోతుంది.

తర్వాత బండి ఊగే తీరు చూడాలి, శబ్దం వినాలి. బ్రేకరు దిగాక బండి రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జర్ చాలడం లేదని అర్థం. పొట్టి స్ప్రింగు గట్టిగా ఉంటుంది, దాన్ని అదుపు చేయడానికి పాత షాకబ్జర్‌కు బలం సరిపోదు. ధబ్బుమని ఒకే దెబ్బ వినబడితే కదలిక అయిపోయి బంప్ స్టాపర్‌కు కొడుతున్నట్టు. ఘాట్ మలుపులో ఇది ప్రమాదం. బయటి చక్రం స్టాపర్‌కు ఆనిన క్షణంలో ఆ మూల హఠాత్తుగా బిగుసుకుపోయి టైరు పట్టు సడలుతుంది. చిన్న గతుకులకు కూడా టకటకమంటే లింక్ రాడ్‌నో, పైనున్న స్ట్రట్ మౌంటింగ్‌నో అనుమానించాలి.

డబ్బు మిగులుతుందని ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోయిస్తే ఇక సర్దుబాటు అన్న మాటే లేదు. గ్యాస్ కటింగ్ వేడికి ఉక్కు గుణం చెడుతుంది. జాకీ ఎత్తితే స్ప్రింగు తన గిన్నెలో వదులుగా ఆడుతుంది. అలాంటిది తీసి పారేయాల్సిందే.

ఎత్తు సంగతికి వస్తే, అంకెలు దాచడానికి వీల్లేదు. మారుతి స్విఫ్ట్ అడుగు నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 40 దించితే మిగిలేది 123. శివరాత్రికి అయిదుగురు ఎక్కి డిక్కీ నింపితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 100 మిల్లీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. స్విఫ్ట్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు కాబట్టి అలాంటి బ్రేకరు మీద రెండు జతల చక్రాలూ ఒకేసారి నిలుస్తాయి, పొట్టకు తగలదు. ఊళ్ళలో సొంతంగా పోసిన సన్నటి సిమెంటు దిమ్మ అలా కాదు. ముందు చక్రాలు దాటి, వెనకవి ఎక్కకముందే దాని ఎత్తంతా బండి పొట్ట కిందకు వస్తుంది. ఈ లోటు ఏ అలైన్‌మెంట్ మెషీనూ పూడ్చలేదు. వారం వారం ఇంటిల్లిపాదితో ఘాట్ ఎక్కే బండికి కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించడమే మేలు.

చట్టం మాట కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. స్ప్రింగులు కొనే ముందే రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో అడగడం మంచిది.

ఇవన్నీ చక్కబడి, స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి కుదురుకున్నాక అలైన్‌మెంట్. ముందుగా నాలుగు టైర్లలోనూ గాలి సరిచూడాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలవాలి. కుడి ఎడమలకు తేడా ఉంటే స్ప్రింగు గిన్నెలో సరిగ్గా కూర్చోలేదేమో చూడాలి. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడపాలి. లాగే దిక్కు మారితే లోపం టైరులో ఉన్నట్టు. మారకపోతే స్ట్రట్ కింది రెండు బోల్టుల దగ్గర ఉండే కాస్త సందులో క్యాంబర్ కుడి ఎడమలకు సమానంగా సర్దడం చాలా బండ్లలో వీలవుతుంది. వెనక ఇరుసు ఒకే దూలంగా ఉన్న బండిలో ఆ సర్దుబాటు ఉండదు. అక్కడ మెషీన్ తెర మీద అంకె ఎర్రగా కనబడితే ఇరుసు వంగిందేమో చూడాలి. సర్దకముందూ సర్దిన తర్వాతా మెషీన్ ఇచ్చే కాగితాలు రెండూ అడిగి తీసుకోవాలి. 500 కిలోమీటర్లు తిరిగాక బండి ఆపి, ముందు టైరును అరచేత్తో లోపలికీ బయటికీ నిమరాలి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున గరుకుగా తగిలితే టో ఇంకా కుదరలేదు, ఆ కాగితాలతో మళ్ళీ అదే షాపుకు వెళ్ళాలి.