తగ్గించిన బరువు ఎటు పోతుంది?

శేషాచలం అడవుల్లో, మామండూరు, చామల లోయ ప్రాంతాల్లో మనుషుల్ని తినే పులుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో మన హైదరాబాదు బొల్లారంలో పుట్టాడు. ఆయన తోడు వించెస్టర్ 1895 రైఫిలు. .405 తూటా దాని ఆహారం.

ఆ రైఫిలు తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ బుర్రలో పుట్టింది. అంతకుముందు ఇలాంటి లివర్ (మీట) తుపాకుల్లో బారెల్ కిందున్న గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండేవి. వెనక తూటా మొన ముందుదాని అడుగుకు పొడుచుకుని పేలుతుందన్న భయంతో మొనలు మొద్దుగా చేసేవారు. బ్రౌనింగ్ తూటాలను పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. దాంతో సూదిమొన తూటాకు దారి దొరికింది.

మూడున్నర కిలోలు దాటిన ఆ తుపాకీ భుజాన వేసుకుని కొండెక్కడం తేలిక కాదు. సగం చేస్తే? 19 గ్రాముల తూటా సెకనుకు 670 మీటర్ల వేగంతో ముందుకు పోతుంటే, తుపాకీ వెనక్కి తన్నక తప్పదు. బరువు సగమైతే వెనక్కొచ్చే వేగం రెట్టింపు, భుజానికి తగిలే శక్తీ రెట్టింపు. ఎక్కేటప్పుడు మిగిలిన శ్రమ పేల్చేటప్పుడు వసూలవుతుంది.

అందుకే ఎంత తగ్గించామన్న దానికన్నా ఎక్కడ తగ్గించామన్నదే నాకు అసలు ప్రశ్న. నూజివీడు మామిడి తోటల్లో కాయ కోసేవాళ్లకిది తెలుసు: వెదురు గడ మొత్తం బరువుకన్నా, చివర చిక్కంలో పడ్డ రెండు రసాలే మణికట్టును ఎక్కువ లాగుతాయి. కానీ తుపాకీ కొసన కొంత బరువు ఉండాల్సిందే. ఎక్కి ఎక్కి రొప్పుతున్నవాడి గుండె కొట్టుకుంటే కొస ఊగుతుంది. బరువున్న బారెల్ ఆ ఊపును నెమ్మదింపజేస్తుంది. పైగా మరీ పలచని బారెల్ నాలుగు తూటాలకే వేడెక్కి గురి తప్పుతుంది.

తూటా పేలే గదిలో పీడనం వాతావరణ పీడనానికి 3000 రెట్లు. అక్కడ ఉక్కుతో బేరాలాడకూడదు. వాల్‌నట్ కర్ర బట్ బదులు కార్బన్ ఫైబర్ వాడొచ్చు, చుట్టూ ఉండే కొన్ని భాగాల్లో టైటానియం పెట్టొచ్చు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములైతే టైటానియందు 4.5.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేటకు తావు లేదు, ఉండకూడదు కూడా. లెక్క మాత్రం ప్రపంచమంతటా ఒకటే: తేలిక తుపాకీ కావాలంటే ముందు తూటా చిన్నది కావాలి. చంపావత్ ఆడపులిని కూల్చినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు 1907లో బహుమతిగా వచ్చిన రిగ్బీ రైఫిలు అలాంటిదే. దాని తూటా .405కు సుమారు సగం బరువు.