మాతువు ఒకరిది, ధాతువు పలువురిది: పాల్ సైమన్ ‘గ్రేస్‌ల్యాండ్’ - పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికన్ వాగ్గేయకారుడు పాల్ సైమన్ 1986లో వెలువరించిన ‘గ్రేస్‌ల్యాండ్’ ఆల్బమ్‌లో దక్షిణాఫ్రికా, అమెరికా దేశాల సంగీతరీతులు అనేకం కలిశాయి. ఆ సమ్మేళనం ఏ పద్ధతిలో జరిగింది, ఆ పద్ధతి కర్తృత్వం గురించి ఎటువంటి ప్రశ్నలను లేవనెత్తింది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాల్ సైమన్, గ్రేస్‌ల్యాండ్, వాగ్గేయకారుడు, దక్షిణాఫ్రికా సంగీతం, కర్తృత్వం, వర్ణవివక్ష.

1. ఉపోద్ఘాతం:
13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో వాక్కును మాతువనీ, గేయాన్ని ధాతువనీ పేర్కొన్నాడు. ఈ రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. 1960లలో ఆర్ట్ గార్ఫంకెల్‌తో కలిసి పాడి ప్రసిద్ధి పొందిన పాల్ సైమన్‌కు ఈ నిర్వచనం చక్కగా వర్తిస్తుంది. ఆ జంట పాడిన పాటలలో అధికభాగానికి మాటలూ, బాణీలూ సైమన్‌వే. ‘గ్రేస్‌ల్యాండ్’ దగ్గరకు వచ్చేసరికి ఈ నిర్వచనం సడలింది.

2. రచనాపద్ధతి:
1984లో దక్షిణాఫ్రికా నల్లజాతి వాద్యబృందాల సంగీతం ఉన్న ఒక క్యాసెట్ సైమన్ చేతికి వచ్చింది. అందులో బోయోయో బాయ్స్ బృందం వాయించిన ‘గంబూట్స్’ ఆయనను ఆకట్టుకుంది. 1985 ఫిబ్రవరిలో ఆయన జొహనెస్‌బర్గ్ వెళ్లి, స్థానిక కళాకారులతో వాద్యభాగాలను రికార్డు చేశాడు. న్యూయార్క్‌కు తిరిగివచ్చాక ఇంజనీరు రాయ్ హాలీ సహకారంతో వాటిని కూర్చుకొని, పదేపదే వింటూ గానపు వరుసనూ, సాహిత్యాన్నీ అల్లాడు.

బాణీకి పాట రాయడం తెలుగు సినిమారంగంలో పరిపాటే. అయితే అక్కడ బాణీ కట్టిన సంగీతదర్శకుని పేరు వేరుగా ప్రకటితమవుతుంది. ‘గ్రేస్‌ల్యాండ్’లో వాద్యభాగాలు పలువురు కలిసి వాయిస్తుండగా రూపొందాయి. అందువల్ల ధాతువు ఎవరిదో విడదీసి చెప్పడం కష్టమవుతుంది.

3. కలిసిన సంగీతరీతులు:
ఆల్బమ్‌లో మొత్తం 11 పాటలున్నాయి. తొలిపాట ‘ది బాయ్ ఇన్ ద బబుల్’ లెసోతోకు చెందిన ఫోరేరే మోట్లోహెలోవా అకార్డియన్‌తో మొదలవుతుంది. ‘హోమ్‌లెస్’ పాటకు ఆధారం ఇసికాతమియా. సొంత ఊళ్లు వదిలి గనుల ప్రాంతాలకు వలసవచ్చిన జులూ కార్మికుల వసతిగృహాలలో పెరిగిన, వాద్యసహాయం లేని పురుషబృందగానమిది. జోసెఫ్ షబలాలా నాయకత్వంలోని లేడీస్మిత్ బ్లాక్ మంబాజో దీనిని ఆలపించింది. చివరి రెండు పాటలలో ఒకటి అమెరికాలోని లూసియానా ప్రాంతపు జైడికో రీతిలోనిది. రెండవది లాస్ ఏంజిలెస్‌కు చెందిన లోస్ లోబోస్ బృందంతో రూపొందింది. ఈ రెండింటిలోనూ అకార్డియన్ వినిపించడం వల్ల తొలిపాటతో వాటికి నాదబంధం ఏర్పడింది.

శీర్షికాగీతంలో ఈ సమ్మేళనం మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. పాట వస్తువు కొడుకుతో కలిసి ఎల్విస్ ప్రెస్లీ నివాసానికి ప్రయాణించే ఒక తండ్రి మనోవేదన. దానికి గిటార్ వాయించినవాడు దక్షిణాఫ్రికాకు చెందిన రే ఫిరి. అమెరికన్ కంట్రీ సంగీతానికి గుర్తుగా నిలిచిన పెడల్ స్టీల్‌ను వాయించినవాడు నైజీరియాకు చెందిన డెమోలా అడెపోజు.

4. కర్తృత్వం:
11 పాటలలో 5 పాటలకు సైమన్‌తోపాటు ఆఫ్రికన్ కళాకారుల పేర్లు రచయితలుగా నమోదయ్యాయి. తక్కిన 6 పాటలకు సైమన్ పేరొక్కటే ఉంది. ‘యూ కెన్ కాల్ మీ ఆల్’ పాటలో బకితి కుమాలో వాయించిన బేస్ గిటార్ విన్యాసం శ్రోతలకు ఎంతగానో గుర్తుండిపోయే భాగం. దాని పూర్వార్ధాన్ని టేపు మీద వెనుకకు తిప్పి ఉత్తరార్ధంగా అతికించారు. వాయించినది కుమాలో, అతికించినది స్టూడియో, రచయితగా నమోదైనది సైమన్. లోస్ లోబోస్ సభ్యులు తమ పాట విషయంలో రచయితలుగా తమకు గుర్తింపు దక్కలేదని బహిరంగంగానే ఆక్షేపించారు. పారితోషికం విషయంలో మాత్రం సైమన్ ఉదారంగానే వ్యవహరించాడు. జొహనెస్‌బర్గ్ వాద్యకారులకు న్యూయార్క్ సంఘం నిర్ణయించిన రేటుకు మూడురెట్లు చెల్లించాడు. అయితే పారితోషికం వాయించిన శ్రమకు దక్కే ప్రతిఫలం. కర్తృత్వం సృజనకు లభించే గుర్తింపు. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

5. సాంస్కృతిక బహిష్కరణ:
వర్ణవివక్ష ప్రభుత్వాన్ని ఏకాకిని చేయడానికి ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1980 డిసెంబరులో దక్షిణాఫ్రికాపై సాంస్కృతిక బహిష్కరణకు పిలుపునిచ్చింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అనుమతి కోరకుండా సైమన్ అక్కడికి వెళ్లడం తీవ్రవిమర్శకు గురైంది. నల్లజాతి కళాకారులకు ఆ బహిష్కరణ ప్రపంచవేదికను కూడా మూసివేసిందన్నది ఆయన సమర్థకుల వాదన. 1987లో దేశబహిష్కృతులైన మిరియం మకేబా, హ్యూ మసెకెలా ఆయనతో కలిసి హరారే నగరంలో కచేరీ చేశారు. ఉద్యమంలో నిలిచిన కళాకారులే ఆయనకు తోడుగా రావడంతో ఈ వివాదాన్ని శ్వేతజాతి, నల్లజాతి పక్షాలుగా విభజించి చూడటానికి వీలులేకపోయింది.

6. ముగింపు:
ఈ ఆల్బమ్‌కు ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం లభించింది. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో ప్రపంచఖ్యాతి పొందింది. పరదేశపు బాణీలో తన దేశపు వేదనను పలికించడం సైమన్ సాధించిన విజయం. అయితే ఆ బాణీ అప్పటికే ఒక సమాజపు శ్రమలోంచి, వలసలోంచి రూపొంది ఉంది. సమ్మేళన సంగీతాన్ని అంచనా వేసేటప్పుడు ఎన్ని రీతులు కలిశాయన్న లెక్క ఒక్కటే సరిపోదు. మాతువు ఎవరిది, ధాతువు ఎవరిది, ఆ సంగతి ఎక్కడ ఎలా నమోదైంది అన్నవి కూడా పరిశీలించాలి. ‘గ్రేస్‌ల్యాండ్’ ఆ ప్రశ్నలకు కొంతమేరకే సమాధానమిస్తుంది.