పొగాకు చేలల్లోంచి వచ్చిన తాత్వికుడు: వెండెల్ బెర్రీ

కవుల గురించి ఈ శీర్షికలో రాస్తే మన కార్యకర్తలు కొందరు ముఖం చిట్లిస్తారు. కూలిరేట్లు, కౌలుకార్డులు, బంజర్లు, ఇన్ని సమస్యలుండగా కవిత్వమెందుకయ్యా అంటారు. అందులోనూ అమెరికా కవి! కానీ ఈ వెండెల్ బెర్రీ కథ పొగాకు ధర దగ్గర మొదలవుతుంది. పొగాకు సంగతి మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు గదా.

1907 చలికాలం. కెంటకీ రాష్ట్రం, హెన్రీ కౌంటీ. ఒక మామూలు రైతు ఇంట్లో భార్యాభర్తలు పొయ్యి దగ్గర కూచుని లెక్కలేసుకుంటున్నారు. 1906లో పండిన పొగాకు మర్నాడు లూయివిల్ పట్నంలో వేలానికి వస్తుంది. ఆ డబ్బుతో ఏ అప్పు తీర్చాలి, ఏమన్నా మిగిలితే ఏం కొనుక్కోవాలి అని మాట్లాడుకుంటుంటే ఆరేళ్ళ పిల్లవాడు వింటున్నాడు. రాత్రి రెండు గంటలకు తండ్రి గుర్రమెక్కి రైలు అందుకోడానికి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. రవాణా ఖర్చు, అమ్మకం కమీషను పోను రైతుకు మిగిలింది సున్న!

ఎందుకని? కొనేవాడు ఒక్కడే గనుక. జేమ్స్ డ్యూక్ అనే పెట్టుబడిదారుడి అమెరికన్ టొబాకో కంపెనీ చిన్నా పెద్దా కంపెనీలన్నిటినీ మింగేసి గుత్త సంస్థగా తయారైంది. 1911లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చెయ్యమని తీర్పిచ్చింది. ఈలోపు ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో!

ఆ ఆరేళ్ళ పిల్లవాడు పెద్దయి వకీలయ్యాడు. వకీలయినా వ్యవసాయం వదల్లేదు. బర్లీ పొగాకు రైతుల సహకార సంఘంలో దశాబ్దాల తరబడి నాయకుడిగా పనిచేశాడు. ఆ సంఘం పద్ధతి మనం తెలుసుకోదగ్గది. ఆకు ఒక్కో గ్రేడుకు ప్రభుత్వం మద్దతు ధర కడుతుంది. వేలంలో కంపెనీవాడు అంతకు మించి పాడకపోతే ఆ ఆకును సహకార సంఘమే ప్రభుత్వ అప్పుతో కొని, నిలవబెట్టి, ధర వచ్చినప్పుడు అమ్మి అప్పు తీరుస్తుంది. దీనికి బదులుగా రైతు తన కోటాకు మించి పండించకూడదు. ధర ఒక్కటే ఉండి కోటా లేకపోయినా, కోటా ఉండి ధర లేకపోయినా ఇది నిలబడదు. చిన్న కమతాల వాళ్ళు అంతకాలం బతికి బట్టకట్టింది దీనివల్లనే.

ఆ తండ్రికి 1934లో పుట్టిన పెద్దకొడుకే వెండెల్ బెర్రీ. పెద్ద చదువులు చదివాడు. కథలూ కవితలూ రాసి పేరు తెచ్చుకున్నాడు. న్యూయార్కులో కాలేజీ మేస్టరుద్యోగం వచ్చింది. 1964లో అది వదులుకుని సొంత ఊరివైపు తిరిగిపోతానంటే, రచయితగా నీ బతుకు పాడవుతుందని తోటివాళ్ళు గోలపెట్టారు. ఆయన వినలేదు. కెంటకీ నది ఒడ్డున, పోర్ట్ రాయల్ అనే చిన్న ఊరి దగ్గర పన్నెండెకరాలు కొన్నాడు. తర్వాత అది వందెకరాలు దాటింది. (మన దగ్గర వందెకరాలున్నవాణ్ణి ఏమంటామో నేను చెప్పక్కర్లేదు. అక్కడ మాత్రం అది చిన్న కమతమే, అందులో చాలావరకు ఏటవాలు నేల.) గుర్రాలు కట్టి దున్నాడు, గొర్రెలు పెంచాడు. 1979 నుంచి ఆదివారాలు అడవిలో నడుస్తూ కట్టిన కవితలే పెద్ద సంపుటాలయ్యాయి. కవిత్వం, నవలలు, వ్యాసాలు కలిపి యాభై పుస్తకాలు దాటాయి.

ఆయన తత్వశాస్త్రం గ్రంథాలయంలో పుట్టింది కాదు, కోతకు గురైన నేల మీద పుట్టింది. 1971 నుంచి 1976 దాకా అమెరికా వ్యవసాయ మంత్రిగా ఉన్న ఎర్ల్ బట్జ్, రైతులు కమతాలన్నా పెంచుకోవాలి, లేదా వ్యవసాయమన్నా మానుకోవాలి అన్న విధానం నడిపాడు. కంచె నుంచి కంచె దాకా దున్నమన్నాడు. దానికి జవాబుగా బెర్రీ 1977లో 'అన్‌సెట్లింగ్ ఆఫ్ అమెరికా' అనే పుస్తకం రాశాడు. అదే ఏడు ఇండియానాలో ఒక కాలేజీ వేదిక మీద బట్జ్‌తో ముఖాముఖి వాదించాడు కూడా. మంత్రి లెక్క ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నది. కవి లెక్క వేరు: ఆ బస్తాలు పండాక ఊళ్ళో ఎన్ని ఇళ్ళు మిగిలాయి, ఎంత మట్టి మిగిలింది?

పశువుల్నీ పొలాన్నీ విడదీసిన తీరు గురించి ఆయన చూపిన సంగతి మన ముసలివాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పశువులు పొలంలోనే ఉన్నంతకాలం పేడ ఎరువు. వేల పశువుల్ని తెచ్చి ఒక్కచోట కంపెనీ దొడ్లో కట్టేస్తే, అదే పేడ అక్కడ కాలువల్ని చెడగొట్టే కశ్మలం. ఇక్కడ పొలానికేమో ఎరువు కరువు. అప్పుడు ఎరువుల కంపెనీవాడు బస్తా పట్టుకుని వస్తాడు. చక్కగా ఉన్న ఒక ఏర్పాటును చీల్చి రెండు సమస్యలు చేశారు, రెండిటి మీదా లాభం తీశారు.

ఇంకో వ్యాసం 1990లో పుస్తకంగా వచ్చింది. మనుషులున్నది ఎందుకు అన్నదే దాని పేరు. పల్లెల్లో జనం ఎక్కువయ్యారని, వాళ్ళు పట్నం పోవడమే అభివృద్ధని చెప్పే ఆర్థికవేత్తల్ని ఆయన నిలదీశాడు. భూమికి చాకిరీ అవసరం లేదని మీకెవరు చెప్పారు? మట్టి కొట్టుకుపోతోంది, కంచెలు కూలిపోతున్నాయి, పని కళ్ళెదుటే ఉంది. పని చేసేవాడికి కూలి ఇవ్వడం మీకిష్టం లేదు, అంతేగదా! గడ్డిమందు వచ్చి కలుపు పని పోయిన మన ఆడకూలీలూ, వరికోత మిషను వచ్చి కొడవలి చూరులో పెట్టిన మన మగకూలీలూ అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.

మరి కూలివాడి గురించి ఆయన ఏమన్నా రాశాడా? రాశాడు. 1970లో అచ్చయిన 'హిడెన్ వూండ్' ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా విలువైనది. తన ముత్తాతలు నల్లవాళ్ళను బానిసలుగా ఉంచుకున్నారని, ఎదురుతిరిగిన ఒకణ్ణి అమ్మేశారని దాచకుండా చెప్పుకున్నాడు. తాతగారి పొలంలో నిక్ అనే నల్ల పాలేరు ఉండేవాడు. పుట్టినరోజు పండక్కి రమ్మని పిల్లవాడు నిక్‌ను పిలిచాడు. నిక్ వచ్చాడు గానీ ఇంట్లోకి రాలేడు, పెరట్లో గోడ మీద కూచున్నాడు. పిల్లవాడు చుట్టాల్ని వదిలేసి పోయి నిక్ పక్కన కూచున్నాడు. గడప అవతల నిలబడి దోసిట్లో నీళ్ళు తాగినవాళ్ళకు ఈ కథ కొత్త కాదు. చాకిరీ నల్లవాడి మీదికి నెట్టేసిన తెల్లవాడు నేలను తెలుసుకునే జ్ఞానాన్ని కూడా పోగొట్టుకున్నాడని బెర్రీ తేల్చాడు. దున్నేవాడికే భూమి అని మనం ఏళ్ళ తరబడి అంటున్నదానికి ఇంకో వైపు నుంచి వచ్చిన సాక్ష్యం ఇది.

అయినా ఆయనతో నాకు పేచీ ఉంది. ఆయన కథల్లో ఇరుగుపొరుగులు ఇవాళ నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు అని ఆకు నరుక్కుంటారు. చూడ్డానికి ముచ్చటే. కానీ తన చేనే లేనివాడు ఏం బదులు పని తీసుకుంటాడు? అమెరికాలో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కిచ్చిన 1935 నాటి చట్టం వ్యవసాయ కూలీలను మినహాయించింది. ఇరుగుపొరుగులు కరువయ్యాక పొగాకు కోతకు మెక్సికో నుంచి వలసకూలీలు వచ్చారు. బెర్రీ మమకారం గురించి మాట్లాడినంతగా సమ్మె గురించి మాట్లాడడు. తాను కంప్యూటరు ఎందుకు కొననో 1987లో రాసినప్పుడు కూడా, తన రాతప్రతులు టైపు చేసేది భార్యేనని చెప్పుకుంటే పాఠకులు గట్టిగానే నిలదీశారు. నిలదీయాల్సిందే.

ఆయన ఇంట్లో కూచుని నీతులు చెప్పే మనిషి మాత్రం కాదు. 1968లో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ బహిరంగంగా మాట్లాడాడు. బొగ్గు కంపెనీల సొమ్ముతో కట్టే హాస్టలుకు తాను చదివిన యూనివర్సిటీ బొగ్గు పేరు పెడుతుంటే, 2010లో అక్కడ దాచిన తన కాగితాలు వెనక్కి తీసేసుకున్నాడు. కొండల నెత్తిన మందుపాతర పెట్టి, శిథిలాలు వాగుల్లోకి తోసి బొగ్గు తవ్వుతుంటే, 2011 ఫిబ్రవరిలో, డెబ్భైఆరేళ్ళ వయసులో, సహచరులతో పోయి గవర్నరు ఆఫీసులో బైఠాయించి మూడు రాత్రులు నేల మీద పడుకున్నాడు. అదే ఏడు మార్చి 2న అధ్యక్షుడు ఒబామా ఆయన మెళ్ళో పతకం వేశాడు. సర్కార్లకు కవుల్ని సన్మానించడం తేలిక, మాట వినడమే కష్టం.

తండ్రి కాపాడిన పొగాకు ఏర్పాటు 2004లో రద్దయింది. నష్టపరిహారం ఎట్లా పంచారో చూడండి. కోటా సొంతదారుకు పౌనుకు 7 డాలర్లు, పండించినవాడికి 3 డాలర్లు, పదేళ్ళలో చెల్లించేట్టు. ఆకు నరికి, కర్రకు గుచ్చి, కొట్టంలో వేలాడదీసిన కూలీ పేరు ఆ లెక్కలో లేదు. ఆ తర్వాత రైతు నేరుగా కంపెనీ కాంట్రాక్టు కిందికి పోయాడు, బర్లీ పండించేవాళ్ళు పల్చబడిపోయారు. మన దగ్గర బోర్డు వేలం ఉన్నది వర్జీనియాకే, నల్లబర్లీకి లేదు. 2025లో కంపెనీలు కొనకుండా మొహం చాటేస్తే పర్చూరు వైపు ఆకు ఇళ్ళల్లోనే పేరుకుపోయింది. రైతులు రోడ్డెక్కాక మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వం కొనుగోలుకు దిగింది. ఈసారి రైతుసంఘం వాళ్ళు వినతిపత్రం రాసేటప్పుడు కౌలురైతు వాటా, ఆకు కోసిన ఆడకూలీల బకాయి కూడా అందులో చేర్పించే పని మన మండల కమిటీలది.