కండరముల పని – ధనుర్వాతము

నాగలి పట్టిన చేతి బలమంతయు కండరములదే. మన దేహమున 600కు పైబడిన కండరములు ఎముకల నంటి, మన యిచ్ఛకు లోబడి పనిచేయును. ప్రేగుల గోడలలోనివి మన యాజ్ఞకై యెదురుచూడవు. గుండె కండరము మూడవ తెగ. అది మనము పుట్టుటకు పూర్వమే పని మొదలిడును.

నులకత్రాటిని విప్పిన పాయలు, పాయలలో పీచులు కనబడునట్లు, కండరములో పోగులు, పోగులలో రెండు రకముల సన్నని తంతువులు గలవు. నరమునుండి వార్త రాగానే ఒక రకము రెండవదానిని పట్టి లాగును. తంతువులు కురుచ గావు. ఒకదాని ప్రక్క నొకటి జారగా కండరమే కురుచయగును. ఈ వివరణ 1954లో వెలువడినది. ఇందుకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరని తెలుపుటకు మేము గర్వించుచున్నాము.

కండరము లాగగలదు గాని నెట్టలేదు. అందుచే దండచేతి ముందరిది ముడుచుకొన్నపుడు వెనుకటిది సడలవలెను. మట్టిలోని ధనుర్వాత క్రిమి గాయమున జొరబడి విడుచు విషము, ఈ సడలింపు వార్తనే యాపివేయును. కండరములన్నియు ఒక్కమారే బిగియును. దవడలు మూతపడును, వెన్ను విల్లువలె వంగును, తుదకు ఊపిరియే యాగవచ్చును.

గాయమునకు పేడ, మన్ను పూయుట ఈ క్రిమిని పిలుచుటయే. సబ్బునీటితో కడిగి ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. బాలింతలలో, పసికందులలో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2015లో మన దేశమునకు ధ్రువీకరణ లభించినది; క్రిమి మాత్రము మన్నులోనే యున్నది. గర్భిణులకును, 10వ యేట, 16వ యేట పిల్లలకును టీకా పడినదో లేదో సభ్యులు ఇంటింట విచారింప గోరుచున్నాము.