కుండీ పోయింది, మొక్క పోలేదు

ముద్దనూరు లాంటి ఊర్లో ఒక ఇల్లు ఉందనుకోండి. ఇంటి ముందు నల్లబండల అరుగు. అరుగు మీద నాలుగు కుండీలు. ఒకదాంట్లో తులసి. ఒకదాంట్లో మల్లె. ఒకదాంట్లో ఎర్రరోజా. ఇంకోదాంట్లో కరేపాకు.

కడప ఎండలు మనకు కొత్త కాదు. మే నెలలో మధ్యాహ్నం ఆ బండ మీద కాలు పెట్టలేం. ఆ ఎండలో మొక్క బతకాలంటే పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోయాలి. ఆ ఇల్లాలు కొళాయి దగ్గర నిలబడి బిందెతో నీళ్లు మోసుకొస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయదు. మొక్కలకే పోస్తుంది. మూడేళ్లు అట్లా పెంచింది.

ఒకరోజు తెల్లవారుజామున కల్లాపి చల్లడానికి వాకిలి తీసింది. రోజా కుండీ లేదు. కరేపాకు కుండీ లేదు. బండ మీద రెండు గుండ్రని తడి మరకలు మాత్రం ఉన్నాయి.

"అయ్యో! నా చెట్లు ఎవరో ఎత్తుకపోయినారు వదినా!" అని కేక పెట్టింది.

పక్కింటి వదిన పరుగున వచ్చింది. "పోతే పోయినాయిలే. రెండు కుండీలకు ఇంత ఏడుపు ఎందుకు?" అంది.

కుండీ వెల కొద్దిగానే ఉండొచ్చు. మూడేళ్లు మోసిన నీళ్లకు వెల ఎవరు కడతారు? అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. అది తప్పు కాదు. అయితే ఏడ్చిన తర్వాత ఏం చేయాలి?

తొందరపడి ఎవరినీ అనొద్దు

ఆ ఇంటి ముందు జనం పోగయ్యారు. అప్పుడే చిత్తుకాగితాలు ఏరుకునే పిల్ల ఒకతె సంచి భుజాన వేసుకుని ఆ దారిన వచ్చింది. అందరి కళ్లూ ఆ పిల్ల మీదే పడ్డాయి. "ఏదీ, సంచి చూపించు!" అని ఒకాయన గద్దించాడు. సంచిలో ఖాళీ సీసాలు, అట్టముక్కలు ఉన్నాయి. అంతే. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మట్టితో నిండిన రెండు కుండీలు ఆ సంచిలో పడతాయా? ఆ పిల్ల మోయగలదా? ఎవరూ ఆలోచించలేదు.

పేదవాళ్లే దొంగతనం చేస్తారని మనం అనుకుంటాం. 2023లో మన దేశంలో జి-20 సమావేశాలు జరిగాయి. ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో రోడ్డు పక్కన పూలకుండీలు పెట్టారు. ఇద్దరు మనుషులు ఖరీదైన కారులో వచ్చి ఆ కుండీలను ఎత్తి కారులో పెట్టుకున్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. దాన్ని బట్టి పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. కుండీలు కూడా దొరికాయి. కారు ఉన్నవాళ్లు కూడా కుండీ దొంగలు కావచ్చు.

పుట్టుకను బట్టి దొంగ అనడం మన దేశంలో ఒకప్పుడు చట్టమే. 1871లో ఆంగ్లేయులు ఆ చట్టం చేశారు. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్తులుగా చూశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు. అప్పుడు కడప జిల్లా మద్రాసు కిందే ఉండేది. ఏ తప్పూ చేయని ఎరుకల కుటుంబాలు కూడా ఆ చట్టం వల్ల బాధలు పడ్డాయి. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. చట్టం పోయింది. ఆ చూపు మాత్రం ఇంకా కొందరిలో పోలేదు.

కాబట్టి కళ్లారా చూడకుండా ఎవరి పేరూ చెప్పొద్దు. ఫోన్లో వీధి గ్రూపు ఉంటే అందులో "కుండీలు పోయినాయి, ఎవరైనా చూసినారా?" అని అడగండి. "ఫలానావాళ్లే తీసినారు" అని పెట్టొద్దు. దొంగ దొరికినా కొట్టొద్దు. కొట్టడం కూడా నేరమే.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అందులో 303వ సెక్షన్ దొంగతనం గురించి చెబుతుంది. కుండీ ఎత్తుకుపోవడం దొంగతనమే. నేలలో నాటిన మొక్కను తీసుకుపోవాలని పెరికినా దొంగతనమే.

దొంగతనానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. జరిమానా కూడా పడొచ్చు. పోయిన సొమ్ము 5,000 రూపాయల కన్నా తక్కువ, దొంగకు అదే మొదటి తప్పు, సొమ్ము తిరిగి ఇచ్చేశాడు అనుకోండి. అప్పుడు జైలు ఉండదు. ఊరికి పనికొచ్చే సేవ చేయమని కోర్టు శిక్ష వేస్తుంది.

సొమ్ము 5,000 కన్నా తక్కువైతే పోలీసులు మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. కానీ మీరు చెప్పింది స్టేషన్ పుస్తకంలో రాసుకోవాలి. అంతకన్నా ఎక్కువైతే ఎఫ్‌ఐఆర్ రాయాలి. దాని నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

"చిన్న కుండీకి స్టేషన్ దాకా ఎందుకు?" అంటారేమో. ఒక వీధిలో పది ఇళ్లలో పోయి ఉండొచ్చు. పదిమందీ చెబితేనే అది పోలీసులకు తెలుస్తుంది. దరఖాస్తు ఇట్లా రాయొచ్చు:

శ్రీయుత స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
పోలీస్ స్టేషన్, ముద్దనూరు.
అయ్యా / అమ్మా,
నా పేరు ............. మాది ............. వీధి. ............. తేదీ రాత్రి మా ఇంటి ముందు నుండి రెండు మొక్కల కుండీలు పోయాయి. వాటి గుర్తులు: ............. వాటి విలువ సుమారు ............. రూపాయలు. విచారించి నా కుండీలు నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.
ఇట్లు,
(సంతకం)

ఇది రాయడానికి ఇంకొకరి దగ్గరికి పోనక్కర లేదు. వేలిముద్రా అక్కర లేదు. మీ చేత్తో మీరే రాయండి. మీరే సంతకం పెట్టండి.

కుండీని కాపాడుకునే ఉపాయాలు

1. కుండీ మీద మీ పేరు రాయండి. రంగుతో బయట ఒకసారి, అడుగున ఒకసారి రాయండి. పేరున్న కుండీని అమ్ముకోవడం కష్టం.

2. ఫోను ఉంటే కుండీలను ఫొటో తీసి పెట్టుకోండి. అది మీదే అని చూపడానికి పనికొస్తుంది.

3. కుండీ అడుగున రాళ్లు వేసి, పైన మట్టి నింపండి. బరువున్న కుండీని ఎత్తడం కష్టం. నీళ్లు పోయే రంధ్రం మాత్రం మూయొద్దు. మూస్తే వేర్లు కుళ్లిపోతాయి.

4. వాకిట్లో మట్టినేల ఉంటే కుండీని సగం వరకు పాతిపెట్టండి. అరుగు మీదైతే ఇనుపతీగతో కిటికీ కమ్మీకి కట్టండి.

5. కొత్త కుండీలు, ఇష్టమైన మొక్కలు దొడ్లో పెట్టండి. వీధి వైపు పాత నూనె డబ్బాల్లో, పగిలిన బిందెల్లో మొక్కలు పెంచండి. వాటి మీద ఎవరికీ ఆశ పుట్టదు. మొక్కకు డబ్బా అయినా ఒకటే.

6. ఎవరైనా తెలియని మనిషి చాలా తక్కువ ధరకు కుండీ ఇస్తానంటే కొనొద్దు. దొంగసొమ్మని తెలిసి కొనడం కూడా నేరమే.

7. కంచెకు కరెంటు తీగ ఎప్పుడూ పెట్టొద్దు. కుండీ కోసం ప్రాణం పోకూడదు. మన పిల్లలే దాన్ని తాకొచ్చు.

అన్నిటికన్నా పెద్ద తాళం

ఇన్ని చేసినా ఒక్కోసారి కుండీ పోతుంది. కానీ మొక్క పోకుండా చూసుకోవచ్చు. ఎట్లా? మొక్కను ఒక్క ఇంట్లోనే ఉంచొద్దు. నాలుగిళ్లకు పంచాలి.

నాటురోజాకు వానాకాలంలో కొమ్మ నాటాలి. పెన్సిలు లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవు కోయండి. కింది ఆకులు తీసేయండి. రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు నాటండి. నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి. నెల, నెలన్నరలో వేర్లు వస్తాయి. మందార కూడా ఇట్లానే నాటొచ్చు.

కరేపాకుకు పండిన నల్లటి కాయలు తీసుకోండి. పైతోలు, గుజ్జు తీసేసి వెంటనే గింజ నాటండి. ఎండబెట్టి దాచిపెడితే సరిగా మొలవదు. పెద్ద చెట్టు చుట్టూ లేచే పిలకను వేరుతో సహా తీసి కూడా నాటొచ్చు. తులసి అయితే గింజలు చల్లితే చాలు.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. సాయంత్రం పక్కింటి వదిన వచ్చింది. చేతిలో పాత డబ్బా. డబ్బాలో చిన్న రోజా మొక్క.

"ఏంది వదినా ఇది?"

"మర్చిపోయినావా? పోయిన వానల్లో నువ్విచ్చిన కొమ్మే. నాలుగు పెడితే రెండు బతికినాయి. ఒకటి నువ్వు పెట్టుకో. పొద్దున ఊరికే నోరు జారినా, మనసులో పెట్టుకోవాకు."

ఆ ఇల్లాలు డబ్బా అందుకుంది. అరుగు మీద కాదు, దొడ్లో పెట్టింది. ఒక చెంబు నీళ్లు పోసింది. తర్వాత రంగు సీసా తెరిచి, డబ్బా మీద తన పేరు రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అయినా చదవగలిగేట్టు ఉన్నాయి.

ఆలోచించండి, చెప్పండి

1. జనం ఆ పిల్ల సంచి ఎందుకు వెతికారు? అది సరైనదేనా?
2. మీ వీధిలో ఇట్లా జరిగితే మీరు మొదట ఏం చేస్తారు?
3. మీ ఇంట్లో ఉన్న ఏ మొక్క మీ పక్కింట్లో లేదు? ఈ వానాకాలంలో దాన్ని ఎవరికి ఇస్తారు?
4. పైన ఉన్న దరఖాస్తును మీ పేరుతో నోటు పుస్తకంలో రాయండి.